తైలచిత్రవిద్య – అనుకృతి

1869వ సంవత్సరమున జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఒక అంతర్జాతీయ చిత్రప్రదర్శనము జరిగెను. ఫ్రాన్సు దేశపు వాస్తవిక చిత్రకారులలో అగ్రగణ్యుడైన గుస్తావ్ కూర్బే అప్పుడు అచటికి వచ్చి, రెంబ్రాంట్ పేర నున్న ఒక ఆత్మచిత్రమునకు నకలు వ్రాసెను. నాటి కాతని వయస్సు 50 సంవత్సరములు. యౌవనమున తన ముఖమునే పలుమాఱులు చిత్రించిన వాడు, కీర్తి గడించిన పిదప, రెండు శతాబ్దముల క్రిందటి మఱియొకని ముఖమెదుట మరల శిష్యుడయ్యెను.

తైలవర్ణముల స్వభావమే ఇట్టి శుశ్రూషను కోరును. నీటిరంగు త్వరగా ఆఱిపోవును. అవిసెనూనెతో నూఱిన రంగు గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. కావున చిత్రకారుడు చెక్కిలిపై వెలుగును, కంటిక్రింది నీడను ఒకదానిలో నొకటి కలుపగలడు. ఒక పొర ఆఱిన తరువాత వేఱొక పొర వేయగలడు. ముగిసిన చిత్రమున పైపొర మాత్రమే కన్పట్టును. నకలు వ్రాయువాడు ఆ పొరల క్రమమును ఊహించి, తన చేతితో మరల నడచి తెలిసికొనవలెను.

పారిస్‌లో ఈ విద్యకు తలుపులు తెఱచియుండెను. 1793లో ప్రజల కొఱకు తెఱచిన లూవ్ర్ ప్రదర్శనశాలలో చిత్రకారులు నకళ్లు వ్రాసికొనుటకు ప్రత్యేక దినము లుండెను. కూర్బే అచటనే పూర్వులను అభ్యసించెను. తిరువనంతపురమున నట్టి శాల లేదు. విద్య మనుష్యుల చేతులలో నుండెను.

ఆ చేతులలో కొన్ని మధుర నుండి వచ్చినవి. నాయకరాజుల నాటినుండి ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములు స్థిరపడియుండెను. నాయుడు అను పేరు ఆ సంబంధమును సూచించును. స్వాతి తిరునాళ్ మహారాజు ఆస్థానమున మధుర వాస్తవ్యుడైన అళగిరి నాయుడు చిత్రకారుడుగా నుండెను. కిళిమానూరు రాజరాజవర్మ ఆతని శిష్యుడు. ఆ రాజరాజవర్మ మేనల్లుడే 1848లో జన్మించిన రవివర్మ.

1862లో రవివర్మ మేనమామతో తిరువనంతపురము చేరెను. ఆస్థానమున తైలవర్ణముల మర్మ మెఱిగిన రామస్వామి నాయుడు ఆ బాలునకు తన విద్యను చెప్పుటకు అంగీకరింపలేదనియు, ఆతని శిష్యుడైన ఆఱుముగం పిళ్లై రాత్రివేళల రహస్యముగా కొంత నేర్పెననియు జీవితచరిత్రకారులు చెప్పుదురు. 1868లో థియోడర్ జెన్సన్ అను ఐరోపా చిత్రకారుడు రాజదంపతుల చిత్రములు వ్రాయుటకు వచ్చెను. ఆతడును బోధింపనొల్లలేదు, తాను వ్రాయుచుండగా చూచుటకు మాత్రము అనుమతించెను. రవివర్మ పగలు చూచినదానిని తన గదిలో చేతితో పరీక్షించుకొనవలసి వచ్చెను. అయిదేండ్లు గడచినవి. 1873లో మదరాసు ప్రదర్శనమున, మల్లెపూలు ముడుచుకొను నాయరు స్త్రీ చిత్రమునకు ఆతడు గవర్నరు స్వర్ణపతకమును పొందెను.

ఈ కథలో రామస్వామి నాయుని ప్రతినాయకునిగా చూపుట పరిపాటి. ఆతని పక్షమును గూడ తలపవలసియున్నది. కిళిమానూరు కోవిలగపు బాలునకు రాజానుగ్రహము పుట్టుకతోడనే లభించెను. పొరుగు సీమ నుండి వచ్చిన చిత్రకారునకు రంగుల మర్మమే మాన్యము, అదియే జీవనాధారము. చెప్పిన మఱునాడు అది తనది కాదు. ఆతని మౌనమున అసూయ యెంతయో, భయ మెంతయో నేడెవ్వరును విడదీయజాలరు.

కాలక్రమమున ఆ మర్మము పాఠమయ్యెను. రాజమహేంద్రవరమున జన్మించిన దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. కళాశాలలో ఎవరి అనుగ్రహమునకును చాటున నిలువనక్కఱలేక చిత్రవిద్యను అభ్యసించెను; తిరిగివచ్చి తన ఊర చిత్రకళాశాలను స్థాపించి ఇతరులకు నేర్పెను. అయినను పాఠశాల అనుకృతిని తొలగింపలేదు. గురువు మాటలతో చెప్పలేని దానిని ఆతని చిత్రము చెప్పును. కాని అది వినుటకు కుంచె పట్టి దాని యెదుట చిరకాలము కూర్చుండవలెను. మ్యూనిక్‌లో ఏబదియేండ్ల కూర్బే చేసినది అదియే.