గేటు ఎవరి చేతిలో, స్విచ్చు ఎవరి చేతిలో: బాబ్లీ నుంచి బల్బు చరిత్ర



మన హాలుకూ, కొందరి ఇళ్లకూ స్మార్ట్ బల్బులు పెట్టించుకుందామన్న మాట గ్రూపులో నడుస్తోంది. ఏ కంపెనీ మంచిదని చాలామంది అడుగుతున్నారు. కంపెనీ పేరు కంటే ముందు బల్బు చరిత్ర తెలియాలని నా ఉద్దేశం. కాస్త పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందుగా మన బ్యారేజీ సంగతి. బాబ్లీ దగ్గర గోదావరి మీద 14 గేట్లున్నాయి. నిల్వ 2.74 టీఎంసీలు. ఏళ్ల తరబడి రెండు రాష్ట్రాలు కొట్లాడుకున్నది సిమెంటు నాణ్యత గురించి కాదు, గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎవరు దింపాలి అన్నదాని గురించి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పు తేల్చిందీ అదే. జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి, చూసుకోవడానికి ముగ్గురు సభ్యుల కమిటీ ఉండాలి. కట్టడం ఎంత గట్టిదైనా, దాన్ని నడిపేది ఎవరో తేలకపోతే నమ్మకం కుదరదు. బల్బు కథ కూడా ఇంతే.

నాందేడ్ జిల్లా ఒకప్పుడు నిజాం రాజ్యంలోది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కరెంటు కేంద్రం 1920లోనే వచ్చింది. కానీ పల్లెలకు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కందిలి, బుడ్డిదీపమే దిక్కు. 1956 నవంబరు 1న మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది, అదే ఏడాది జూన్‌లో రాష్ట్ర విద్యుత్ బోర్డు పుట్టింది. 2005లో బోర్డును విడగొట్టాక పంపిణీ మహావితరణ్ చేతికొచ్చింది. కందిలికి నూనె పోసుకుంటే చాలు, వెలుగు మన చేతిలో ఉండేది. తీగ వచ్చాక వెలుగు పెరిగింది, పగ్గం మాత్రం దూరంగా ఉన్న సబ్‌స్టేషన్‌కు పోయింది.

బల్బు తయారుచేసేవాళ్ల చేతిలో కూడా ఒక పగ్గం ఉండేది. 1924 డిసెంబరులో జెనీవాలో ఆస్రామ్, ఫిలిప్స్ వంటి పెద్ద కంపెనీలు ఫీబస్ అనే కూటమి కట్టాయి. అప్పటికి మంచి బల్బు 1,500 నుంచి 2,000 గంటలు వెలిగేది. దాన్ని 1,000 గంటలకు దించాలని వాళ్లు ఒప్పుకున్నారు. అంతకంటే ఎక్కువ వెలిగే బల్బులు చేసిన సభ్య కంపెనీకి జరిమానా! రెండో ప్రపంచ యుద్ధంతో ఆ కూటమి చెదిరిపోయింది. మరోపక్క, అమెరికాలో లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901లో పెట్టిన బల్బు ఇంకా మసకగా వెలుగుతూనే ఉందని ప్రసిద్ధి. బల్బు ఎన్నాళ్లు వెలగాలన్నది సైన్సు ఒక్కటే నిర్ణయించే విషయం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

తర్వాత ఎల్‌ఈడీ కాలం వచ్చింది. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. ఆ నీలి వెలుగు లేకపోతే ఇవాళ్టి తెల్ల ఎల్‌ఈడీ బల్బే లేదు. 2015 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన పథకం, మనం ఉజాలా అని పిలిచేది, ఊరూరా తక్కువ ధరకు బల్బులు పంచింది. టోకున కొనడంతో సర్కారుకు పడే ధర 2014లో 310 రూపాయలుంటే 2016కల్లా 38కి దిగింది. మొత్తం 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఎల్‌ఈడీ బల్బు మాడిపోయిందంటే చాలాసార్లు పోయేది వెలుగిచ్చే చిప్పు కాదు, అడుగున ఉండే డ్రైవరు. వేడికీ, వోల్టేజీ ఎగుడుదిగుళ్లకూ అది తట్టుకోలేదు. మూతలున్న గాజు బుట్టల్లో పెడితే ఇంకా త్వరగా పోతుంది.

ఇక స్మార్ట్ బల్బు. 2012 అక్టోబరులో ఫిలిప్స్ హ్యూ మార్కెట్లోకి వచ్చింది. అప్పటినుంచి బల్బులో డ్రైవరుతో పాటు చిన్న రేడియో కూడా చేరింది. ఆ రేడియోతో మాట్లాడేది ఎవరన్నదే అసలు ప్రశ్న. ఇంట్లోని పెట్టెనా, ఎక్కడో పరాయి దేశంలో ఉన్న సర్వరా? 2016 మేలో రివాల్వ్ అనే కంట్రోలు పెట్టెకు సర్వరు ఆపేశారు. 300 డాలర్లు పెట్టి కొన్నవాళ్ల చేతిలో ఉత్త డబ్బా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సర్వర్లు ముందుమాట లేకుండా ఆగాయి. గోడ స్విచ్చులు పనిచేశాయి గానీ ఫోను ఆటలు బందయ్యాయి. చివరికి వాడకందారుల బృందమే ఆ కంపెనీని కొని మళ్లీ నడిపింది. అదే ఏడాది అక్టోబరులో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. వేర్వేరు కంపెనీల సామాన్లు ఇంటి నెట్‌వర్కులోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలన్నది దాని ఉద్దేశం.

ఇప్పుడు మనం కొనేటప్పుడు చూసుకోవాల్సినవి:

1. మన కరెంటు 230 వోల్టులు, మన హోల్డరు తెల్లవాళ్ల కాలం నుంచి వస్తున్న బి22, అంటే రెండు పుల్లలది. అమెరికా నుంచి పిల్లలు తెచ్చే బల్బులు చాలావరకు 120 వోల్టులవి, మరచుట్టువి. హోల్డరు మార్చి బిగించినా మాడిపోతాయి. డబ్బా మీద బీఐఎస్ గుర్తు తప్పక చూడండి.

2. ఒక బల్బు కొని పరీక్షించండి. వైఫై ఉంచి ఇంటర్నెట్ తీగ పీకేయండి. అప్పుడు కూడా ఫోను మాట వింటే అది మీ బల్బు. వినకపోతే కంపెనీది. మ్యాటర్ గుర్తున్నవీ, హ్యూ లాగ ఇంట్లో సొంత బ్రిడ్జి ఉన్నవీ ఈ పరీక్షలో మేలు.

3. కరెంటు పోయి వచ్చాక ఏం చేస్తుంది? చాలా స్మార్ట్ బల్బులు పూర్తి వెలుగుతో వాటంతటవే వెలుగుతాయి. అర్ధరాత్రి కరెంటు వస్తే ఇల్లంతా లేస్తుంది. పాత స్థితికే వచ్చే సెట్టింగు ఉందో లేదో ముందే అడగండి.

4. చాలా వైఫై బల్బులు 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి. చిన్న రౌటరు మీద పదిహేను, ఇరవై బల్బుల భారం వేయకండి. జిగ్బీ బల్బులు ఒకదాని సందేశం ఇంకొకటి అందిస్తాయి. అందుకే గోడ మీద ఒకటి ఆపితే పక్కదానికి కూడా దారి తెగవచ్చు.

5. అన్నిటికంటే ముఖ్యం పెద్దవాళ్లు. రాత్రి బాత్రూముకు లేచిన అవ్వ ఫోను వెతుక్కోదు, గోడ తడుముతుంది. అక్కడ స్విచ్చు నొక్కితే వెలగాలి. ఎవరో అది ఆపేస్తే స్మార్ట్ బల్బు ఎంత ఖరీదైనా ఫోనుకు పలకదు.

అందుకని హాలుకు నా సలహా: బల్బులు మామూలు మంచి ఎల్‌ఈడీలే పెడదాం. బోర్డు వెనక స్మార్ట్ స్విచ్చు మాడ్యూలు పెట్టిద్దాం. చాలా మాడ్యూళ్లకు బోర్డులో న్యూట్రల్ తీగ కావాలి కాబట్టి ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. అప్పుడు బల్బు పోతే ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతుంది, ఇంటర్నెట్ పోయినా గోడ మీద స్విచ్చు పనిచేస్తుంది. ఒకటి రెండు పెట్టి ఒక వానాకాలం గడవనిద్దాం, నిలబడితే మిగతావి కొందాం.

గేట్ల విషయంలో తీర్పు రావడానికి మనం చాలా ఏళ్లు ఎదురుచూశాం. స్విచ్చు విషయంలో ఎవరి తీర్పూ అక్కర్లేదు, కొనేముందు మనమే అడిగి తేల్చుకోవచ్చు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు కరెంటు పోయి వచ్చినప్పుడు మీ బల్బులు ఏం చేస్తున్నాయో కింద రాయండి. మిగతావాళ్లకు పనికొస్తుంది.