దివాన్ మాట

1857 మే నెల. నిజాం నాసిరుద్దౌలా కన్నుమూశాడు. కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. ఇంకా ముప్పయ్యేళ్లు నిండలేదు. ఆ వేడుక నుంచి కోఠీలోని రెసిడెన్సీకి తిరిగొచ్చిన ఇంగ్లీషు రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు ఢిల్లీ సిపాయిల వశమైందని తంతి అందింది. దివాన్ సాలార్‌జంగ్‌ను పిలిపించి గుట్టుగా చెప్పాడు. ఊళ్లో మూడు రోజులుగా ఆ మాటే నడుస్తోందని దివాన్ బదులిచ్చాడట.

రాజుకంటే దివాన్ ఏడాది చిన్న. అయినా ఆ వేసవిలో హైదరాబాద్ తలరాత అతని సలహా మీదే ఆడింది. ఢిల్లీలో ఉన్నది నిజాములు పేరుకైనా తమ ప్రభువుగా ఒప్పుకునే మొగల్ పాదుషా. ఇటుపక్క, నాలుగేళ్ల కిందటే బాకీల పేరుతో బేరార్‌ను చేజిక్కించుకున్న ఇంగ్లీషువాళ్లు. మసీదుల్లో ఉపన్యాసాలు, గోడల మీద పిలుపులు. సంస్థానం మొత్తం పాదుషా పేరెత్తితే దక్షిణాదంతా అంటుకునేది. ఇంగ్లీషు పక్షం వదలొద్దన్నాడు దివాన్. నిజాం విన్నాడు.

విన్నందుకు ఊరు రగిలింది. ఇంగ్లీషు కొలువు వదిలి నగరానికి పారిపోయి వచ్చిన జమాదార్ చీదాఖాన్‌ను, అతని మనుషులను పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు దివాన్. జులై 17 శుక్రవారం. తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ వెంట రోహిల్లాలు కోఠీ మీద పడ్డారు. మద్రాసు ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తర్వాత తుర్రెబాజ్ పట్టుబడ్డాడు, చెర నుంచి తప్పించుకున్నాడు. 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. అదే ఏడు మార్చిలో దర్బారు ముగించుకుని డేవిడ్‌సన్, సాలార్‌జంగ్ పక్కపక్కనే బయటికొస్తుంటే జహంగీర్‌ఖాన్ అనేవాడు తుపాకీ పేల్చాడు. గురి తప్పింది.

మన గోదావరిఖనిలో ఈ కథ చెప్పేటప్పుడు నది అవతలి నిర్మల్‌ను మరవకూడదు. అక్కడ రాంజీ గోండు రోహిల్లాలతో కలిసి ఇంగ్లీషు, నిజాం సేనలతో పోరాడాడు. 1860లో అతణ్ని ఉరితీశారు. అతనితో పాటు వెయ్యిమందిని వేలాడదీశారంటూ ఆ చెట్టును వెయ్యి ఉరుల మర్రి అని జనం ఇప్పటికీ తలుచుకుంటారు. దివాన్ సలహాతో గద్దె నిలిచింది, నిజమే. ఆ సలహాకు మూల్యం చెల్లించింది మాత్రం వీళ్లు. నిలిచిన ఆ గద్దే 1886లో ఈ నేల బొగ్గును తవ్వుకునే హక్కును హైదరాబాద్ దక్కన్ కంపెనీకి రాసిచ్చింది. అడవిలో ఉన్నవాళ్లను అడిగినవారు లేరు.

మరి దివాన్ ఆశించింది దక్కిందా? 1860 ఒప్పందంలో యాభై లక్షల బాకీ కొట్టేశారు, రాయచూరు, నల్‌దుర్గ్ తిరిగిచ్చారు. బేరార్ మాత్రం ఇవ్వలేదు. దానికోసం సాలార్‌జంగ్ 1876లో లండన్ దాకా వెళ్లాడు, ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. 1883లో కలరాతో పోయాడు. 1902లో అఫ్జలుద్దౌలా కొడుకు మహబూబ్ అలీఖాన్ ఏటా పాతిక లక్షలకు బేరార్‌ను కర్జన్‌కు శాశ్వత కౌలుకు రాసిచ్చాడు.