నక్కవాగులో మందు

పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల మురుగు ఇసకవాగు మీదుగా నక్కవాగులో పడి, మంజీరలో కలిసి, చివరికి గోదావరికి చేరేది. ఈ చిన్న వాగు పేరు ప్రపంచ శాస్త్ర పత్రికలకు ఎక్కడం వెనుక నలభై ఏళ్ల చరిత్ర ఉంది.

1960లలో బాలానగర్‌లో ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ వెలిసింది. మందుల తయారీ మెలకువలు అక్కడ నేర్చినవారిలో పలువురు తర్వాత సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇవ్వడంతో వారికి దారి సుగమమైంది. పటాన్‌చెరు అప్పట్లో ఉన్న మెదక్ వెనుకబడిన జిల్లా కావడంతో రాయితీలూ దొరికాయి. హైదరాబాద్ పొలిమేరల్లో మందుల ముడిపదార్థం తయారుచేసే బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు వరుసకట్టాయి. అవి ప్రపంచానికి చౌకగా మందులిచ్చిన మాట నిజం. ఆ చౌకలో కొంత భాగం వాగు భరించిందన్నదీ నిజమే.

ముందుగా గుర్తించింది రైతులు. బావినీళ్లు రంగుమారాయి, వాగు నీరు పారిన మడులు చౌడుబారాయి, చేపలు తేలాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. నష్టపరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించింది. 1994 నాటికి పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పనిలోకి దిగింది. సమస్య తీరే దారిలో పడిందనే అనిపించింది.

అసలు లోపం కొలతలో ఉంది. శుద్ధి కేంద్రం పనితీరును నిర్ణయించేవి బీఓడీ, సీఓడీ, కరిగిన లవణాల వంటి లెక్కలు. నీటిలోని మలినం మొత్తం ఎంత ఆక్సిజన్ లాగుతుందో మొదటి రెండూ చెబుతాయి. మందు స్వభావం వేరు. మిల్లీగ్రాముల్లోనే జీవకణం మీద పనిచేసేలా దాన్ని రూపొందిస్తారు. లీటరుకు వందల మిల్లీగ్రాములుండే సీఓడీ లెక్కలో అది ఆనదు. అలాంటి అణువును పేరుపెట్టి వెతికితే తప్ప దొరకదు. వెతకమని ఏ నిబంధనా అడగలేదు.

వెతికింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో ప్రచురించింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా ఇది ఎక్కువ. ఒక్కరోజులో విడుదలైన మందు 40 కిలోలు దాటుతుందని, స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడే మొత్తానికి అది సమానమని అంచనా.

ఈ నీటిని వెయ్యిపాళ్లలో రెండు పాళ్లకు పలచన చేసి తోకకప్పలను పెంచితే, వాటి ఎదుగుదల 40 శాతం తగ్గింది. చేప పిండాలపై చేసిన పరీక్షల్లోనూ హాని బయటపడింది. నీటి అడుగు కథ ఇంకా లోతైనది. సిప్రోఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియా డీఎన్ఏ ప్రతులు తీసుకునే యంత్రాంగాన్ని అడ్డుకుంటుంది. నీలిఆకుపచ్చ నాచు కూడా బ్యాక్టీరియా కుటుంబమే కనుక ఇలాంటి మందులు దానికీ తగులుతాయి. అది నీటి ఆహారపు గొలుసులో తొలిమెట్టు. మందుకు లొంగని బ్యాక్టీరియా బతికి, తమ నిరోధక జన్యువులను ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల రూపంలో పక్క జాతులకూ అందిస్తాయి. ఈ ప్రాంతంలోనే ఉన్న ఖాజీపల్లి చెరువు బురదలో ఈ జన్యువులు స్వీడన్ చెరువులోకన్నా దాదాపు 7,000 రెట్లు ఎక్కువని 2014లో తేలింది. అంతకు ఏడాది ముందు, శుద్ధి కేంద్రంలోని బ్యాక్టీరియా రకాలను పరీక్షిస్తే 86 శాతం ఇరవై లేదా అంతకుమించిన యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. శుద్ధి చేసేదే బ్యాక్టీరియా కనుక, అక్కడ మిగిలేవి మందును తట్టుకున్నవే.

వాగు భారం తగ్గించడానికి శుద్ధిచేసిన నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో మళ్లించి, నగరపు మురుగుతో కలిపి అంబర్‌పేటకు పంపే ఏర్పాటు చేశారు. నక్కవాగుకు అది ఊరటే. మనుషుల పేగుల్లోంచి వచ్చే బ్యాక్టీరియాకూ మందుల అవశేషాలకూ ఒకేచోట పరిచయం కల్పించడం మాత్రం ఏ తర్కానికి సరిపోతుందో అర్థం కాదు.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ విడుదల చేసిన నిబంధనల ముసాయిదా తొలిసారి యాంటీబయాటిక్ అవశేషాలకు మందువారీ పరిమితులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టు నాటి తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అలాంటి పరిమితులు ఉన్నాయి గానీ, వాటిని పాటించాలన్న చట్టపరమైన బాధ్యత ఏ ఫ్యాక్టరీ మీదా లేదు.