పందిరి

పందిరి అంటే గుంజల మీద దూలాలు, అడ్డకర్రలు పరచి కట్టిన, గోడలు లేని నీడపట్టు. పైన తాటాకు గాని కొబ్బరాకు గాని కప్పవచ్చు, తీగలు పాకించవచ్చు, లేదా కర్రలను అలాగే ఖాళీగా వదిలివేయవచ్చు. దీనినే పందిలి అని కూడా అంటారు. రాయలసీమలో చప్పరం అనే మాట వాడుకలో ఉన్నది. తమిళంలోని పందల్ దీనికి సోదర పదం. ఆంగ్లేయులు ఆ మాటనే తమ భాషలోకి తీసుకొన్నారు. పాశ్చాత్య దేశాలలో ఇంటి తోటలో శాశ్వతంగా కట్టుకొనే పందిరిని పెర్గోలా అంటారు. ఇటీవలి కాలంలో ఈ పేరు తెలుగునాట కొత్త ఇళ్ళ నమూనాలలోనూ కనిపిస్తున్నది. గౌతమీ గోదావరి ఎడమ గట్టున ఉన్న కపిలేశ్వరపురం, అవతలి గట్టునుండి మొదలయ్యే కోనసీమ గ్రామాలలో పందిరి పెరటిలోనూ, వీధి వాకిట్లోనూ తరతరాలుగా ఉన్నదే.

రకాలు

వాడుకను బట్టి పందిళ్ళు ప్రధానంగా నాలుగు విధాలు.

పాదు పందిరి: బీర, ఆనప, కాకర, పొట్ల, దొండ, చిక్కుడు, బచ్చలి వంటి తీగజాతుల కొరకు పెరటిలో వేసేది. పొట్లకాయ వంకర తిరగకుండా నిటారుగా సాగడానికి దాని కొనకు చిన్న రాయి కట్టి పందిరి నుండి వేలాడదీయడం పాత అలవాటు. పొలాలలో రాతి లేదా సిమెంటు స్తంభాలు పాతి, వాటి మధ్య ఇనుప తీగలు అల్లి వేసేవాటిని శాశ్వత పందిళ్ళు అంటారు. హైదరాబాదు పరిసరాలలో ద్రాక్షను ఈ పద్ధతిలోనే పెంచారు.

పూల పందిరి: మల్లె, సన్నజాజి, మాధవీలత, రాధామనోహరం వంటి తీగల కొరకు వాకిలి ముందో, నూతి వద్దనో వేసేది. పాశ్చాత్యుల పెర్గోలాకు అన్నిటికంటే దగ్గరి పోలిక దీనికే ఉన్నది.

చలువ పందిరి: వేసవిలో ఇంటి ముందు తాటాకుతో గాని కొబ్బరాకుతో గాని వేసి, వానలు మొదలు కాగానే తీసివేసేది. బాటసారులకు మంచినీళ్ళు, మజ్జిగ ఇవ్వడానికి వేసే దానిని చలిపందిరి లేదా చలివేంద్రం అంటారు.

పెళ్ళి పందిరి, ఉత్సవ పందిరి: శుభకార్యానికి, శ్రీరామనవమి వంటి పండుగకు తాత్కాలికంగా వేసేవి.

చరిత్ర

తీగను కర్రల మీదికి ఎక్కించి దాని కింద నీడ పొందడం అనేక దేశాల రైతులకు తెలిసిన విద్య. క్రీస్తుకు పూర్వం 15వ శతాబ్దానికి చెందిన ఈజిప్టు సమాధి చిత్రాలలో ద్రాక్ష పందిరి కింద నిలబడి పండ్లు కోస్తున్న మనుషులు కనిపిస్తారు. పెర్గోలా అనే ఇటాలియన్ మాట లాటిన్ భాషలోని పెర్గులా నుండి వచ్చింది. ఇంటి గోడకు ముందుకు చాచి కట్టిన చూరు అని దాని తొలి అర్థం. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన పాంపే నగరపు తోటలలో ఇటువంటి కట్టడాల ఆనవాళ్ళు బయటపడ్డాయి. తరువాత ఇటలీ జమీందారుల తోటల నుండి ఇవి ఇంగ్లండుకు వెళ్ళాయి. లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో థామస్ మాసన్ రూపకల్పన చేయగా 1905 నుండి 1925 వరకు కట్టిన పెర్గోలా నేటికీ సందర్శకులను ఆకర్షిస్తున్నది. దాని కొరకు నేలను ఎత్తు చేయడానికి ఆ సమీపంలో అప్పుడు తవ్వుతున్న భూగర్భ రైలు సొరంగపు మట్టిని వాడారు.

తెలుగునాట పందిరి తోటకు అలంకారంగా గాక ఇంటి అవసరంగా పెరిగింది. కోనసీమ మండువా లోగిళ్ళలో నడుమ ఆకాశానికి తెరచిన మండువా, వీధి వైపు అరుగు, వెనుక పెరడు ఉండేవి. అరుగు ముందు చలువ పందిరి, పెరటిలో పాదు పందిరి వేస్తే ఎండాకాలపు పనులు చాలావరకు ఆరుబయట నీడలోనే జరిగిపోయేవి.

ఆచారాలలో పందిరి

వివాహానికి ముందు మంచి ముహూర్తం చూసి పందిరి రాట పాతడం తెలుగువారి ఆచారం. రాటకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు, నవధాన్యాల మూట కట్టి పాతుతారు. పెళ్ళి పనులు ఆరంభమైనట్లు ఊరికి తెలిపేది ఈ రాటయే. వైభవంగా జరిగిన పెళ్ళిని ఆకాశమంత పందిరి, భూదేవంత పీట వేసి చేశారని చెప్పడం జాతీయం. వినాయక చవితినాడు విగ్రహం పైన వేలాడదీసే పాలవెల్లి కూడా చిన్న పందిరియే. చదరంగా అల్లిన ఆ కర్రల చట్రానికి మొక్కజొన్న పొత్తులు, వెలగపండు, మామిడాకులు కడతారు.

శ్రీరామనవమికి గోదావరి గ్రామాలలో తాటాకు పందిళ్ళు వేసి, నవరాత్రులలో హరికథలు, బుర్రకథలు, నాటకాలు ఆడించేవారు. ఈ కళలకు ఆనాటి రంగస్థలం పందిరియే. కపిలేశ్వరపురానికి ఈ సంప్రదాయంతో ప్రత్యేక సంబంధం ఉన్నది. ఆ ఊరి జమీందారీ కుటుంబానికి చెందిన ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు 1973లో ఇక్కడ శ్రీ సర్వారాయ హరికథా పాఠశాలను నెలకొల్పారు. అందులో శిక్షణ పొందిన బాలికలు అనేక ఊళ్ళలో కథలు చెప్పి పేరు తెచ్చుకొన్నారు.

సంప్రదాయ నిర్మాణం

కోనసీమలో పందిరికి కావలసిన సామగ్రి అంతా చుట్టుపక్కలనే దొరుకుతుంది. గుంజలకు సరుగుడు కర్రలు గాని తాటి చీలికలు గాని, పైన పరచడానికి వెదురు బొంగులు, కట్టడానికి కొబ్బరిపీచు తాడు లేదా తాటినార, కప్పడానికి తాటాకు లేదా అల్లిన కొబ్బరాకు వాడతారు. గుంజ పై కొనను పంగగా ఉంచితే దూలం జారకుండా అందులో కూర్చొంటుంది. పీచుతాడును తడిపి కడితే ఆరిన పిదప ముడి బిగుసుకొంటుంది.

మేకు కొట్టకుండా తాడుతో కట్టడానికి ఒక కారణం ఉన్నది. తాడు కట్టిన పందిరి గాలికి కొంత ఊగి సర్దుకొంటుంది. పైగా సీజను కాగానే విప్పి కర్రలను అటక మీద దాచుకోవచ్చు. ఆకు సాధారణంగా మరుసటి ఏటికి పనికిరాదు. పొయ్యిలోకో, పశువుల పాకలోకో పోతుంది.

ఇంటికి శాశ్వత పందిరి

స్థలం: పడమటి ఎండ తగిలే గోడ ముందు పందిరి వేస్తే ఎక్కువ ప్రయోజనం. గోడ వేడెక్కకపోతే రాత్రి గది చల్లగా ఉంటుంది. కొబ్బరిచెట్టు కింద మాత్రం పందిరి వేయరాదు. పండుమట్ట గాని కాయ గాని రాలితే పైకర్రలు విరగడమే గాక కింద కూర్చొన్నవారి ప్రాణానికే అపాయం. కరెంటు తీగల కిందా వేయరాదు.

ఎండ లెక్క: కపిలేశ్వరపురం సుమారు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అందువలన ఏటా మే నెల మొదటి వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగా నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు చివరి వారంలో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుండి పోతుంది గనుక ఈ ప్రాంతంలో గడియారపు పన్నెండు గంటలకు, సూర్యుని మధ్యాహ్నానికి తేడా స్వల్పం.

దీనిని బట్టి పైకర్రల అమరిక నిర్ణయించవచ్చు. పలకలను నిలువు అంచు మీద, ఉత్తర దక్షిణాలుగా పరచి, పలక లోతు 6 అంగుళాలు, పలకల మధ్య ఎడం 6 అంగుళాలు ఉంచితే వేసవిలో సుమారు మూడు గంటల తరువాత నేరుటెండ కిందికి దిగదు. ఉదయం తొమ్మిది లోపు ఎండకూ ఇదే లెక్క. ఎడం తగ్గించిన కొద్దీ నీడ కాలం పెరుగుతుంది. అయితే నడినెత్తి ఎండను ఏ అమరికా ఆపలేదు. చలిదేశాల చిత్రాలు చూసి కట్టిన పెర్గోలాలు మన వేసవిలో నిరుపయోగంగా కనిపించడానికి కారణమిదే. అక్కడ ఎండను కొంత రానివ్వడం అవసరం. ఇక్కడ తీగ గాని, ఆకు గాని, షేడ్ నెట్ గాని పైన ఉంటేనే పందిరి పందిరి అవుతుంది.

కొలతలు: గుంజల మధ్య 8 నుండి 10 అడుగుల ఎడం, నేల నుండి దూలం వరకు కనీసం 8 అడుగుల ఎత్తు ఉంచడం వాడుక. తీగ కిందికి వేలాడుతుంది గనుక ఎత్తు తగ్గితే తల తగులుతుంది.

పునాది: గోదావరి ఒండ్రునేల మెత్తన, వానాకాలంలో ఊటనీరు పైకి వస్తుంది. కర్ర గుంజను నేరుగా మట్టిలో పాతితే నేలమట్టం వద్దనే ముందుగా పుచ్చిపోతుంది, చెదలూ అక్కడి నుండే ఎక్కుతాయి. కాబట్టి రెండున్నర అడుగుల లోతున కాంక్రీటు దిమ్మె వేసి, అందులో ఇనుప పట్టీ నిలిపి, గుంజ అడుగు నేలకు నాలుగు వేళ్ళు పైన ఉండేటట్లు బోల్టులతో బిగించాలి.

కలప: టేకు మన్నిక గలది కాని ఖరీదు. బాగా ముదిరిన తాటిచెట్టు దూలం చవకైనది, గట్టిది. 60 ఏళ్ళు దాటిన కొబ్బరిచెట్టు మొదలులోని వెలుపలి భాగం కూడా గట్టిగా ఉంటుంది. లోపలి భాగం మెత్తనిది గనుక పనికిరాదు. ఇనుప గొట్టాలు వాడితే ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా జింకు పూత ఉన్నవి ఎంచుకోవాలి.

తీగల ఎంపిక

రాధామనోహరం, బోగన్‌విల్లా త్వరగా అల్లుకొంటాయి కాని బరువెక్కుతాయి. బలమైన దూలాలు కావాలి, ఏటా కత్తిరించాలి. సన్నజాజి తేలికైనది, సాయంకాలం పరిమళిస్తుంది. శంఖుపుష్పం ఒక్క వానాకాలంలోనే పందిరిని కప్పుతుంది. కూర పాదులు పంట అయిపోగానే ఎండిపోతాయి గనుక చలికాలపు ఎండ కావలసిన ఇళ్ళకు అవే మేలు. గోదావరి జిల్లాలలోని కడియం, కడియపులంక నర్సరీలలో ఈ పూల తీగలు దొరుకుతాయి.

తీగపందిరి నీడ రేకుల నీడ కంటే చల్లగా ఉంటుంది. ఆకులు విడిచే నీటి ఆవిరి తనతో వేడిని తీసుకొనిపోతుంది. రేకు తాను వేడెక్కి ఆ వేడిని కిందికి ప్రసరింపజేస్తుంది.

ప్రమాదాలు, జాగ్రత్తలు

గాలి: 1996 నవంబరు 6న వచ్చిన పెను తుపాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటి కోనసీమను ధ్వంసం చేసింది. వెయ్యి మందికి పైగా మరణించారు. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలాయి. గాలులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం కోస్తా ఆంధ్రకు సెకనుకు 50 మీటర్ల మూల వేగాన్ని, అనగా గంటకు 180 కిలోమీటర్లను, లెక్కలోకి తీసుకోమంటుంది. పైన ఖాళీగా ఉన్న పందిరి గుండా గాలి వెళ్ళిపోతుంది. అదే పందిరికి రేకులు బిగిస్తే గాలి కిందినుండి పైకి ఎత్తుతుంది. ఎగిరిన రేకు కత్తి వంటిది. కనుక రేకులు వేయదలచినవారు గుంజలను పునాదికి, దూలాలను గుంజలకు బోల్టులతో బిగించడం తప్పనిసరి. తుపాను హెచ్చరిక రాగానే షేడ్ నెట్టును విప్పివేయాలి. తీగలను తుపాను నెలలకు ముందే కత్తిరించి పలుచన చేయాలి. పందిరిని ఇంటి చూరుకు బిగించకుండా విడిగా నిలిపితే, అది కూలినా ఇంటికప్పు నిలుస్తుంది.

నిప్పు: ఎండిన ఆకు పందిరి నిమిషాలలో అంటుకొంటుంది. తమిళనాడులోని శ్రీరంగంలో 2004 జనవరి 23న ఒక కల్యాణ మండపంపై వేసిన ఆకు పందిరికి నిప్పంటుకొని పెళ్ళికుమారునితో సహా 50 మందికి పైగా మరణించారు. అదే సంవత్సరం జూలై 16న కుంభకోణంలో పాఠశాల ఆకు పైకప్పు అంటుకొని 94 మంది పిల్లలు చనిపోయారు. 2023 మార్చి 30న, శ్రీరామనవమి నాడు, పశ్చిమ గోదావరి జిల్లా దువ్వ గ్రామంలోని వేణుగోపాలస్వామి ఆలయం వద్ద వేసిన పందిరి అగ్నికి ఆహుతి అయింది. ఆకు పందిరి కింద పొయ్యి పెట్టరాదు, బాణసంచా కాల్చరాదు. విద్యుత్ దీపాల తీగలు ఆకుకు తగలకుండా, అతుకులు లేకుండా ఉండాలి. జనం కూడే పందిరికి ఎదురెదురుగా రెండు దారులు, వాటి పక్కన నీళ్ళ డ్రమ్ములు, ఇసుక బకెట్లు ఉంచాలి.

పురుగు పుట్ర: గుబురుగా పెరిగిన తీగలో గొంగళిపురుగులు, కందిరీగలు, ఒక్కొక్కప్పుడు పాములు చేరతాయి. తీగను కిటికీకి, చూరుకు మూరెడు దూరంలో ఉంచి, రాలిన ఆకులను ఎప్పటికప్పుడు ఊడ్చివేయాలి.

నేటి స్థితి

పెళ్ళిళ్ళకు, ఉత్సవాలకు షామియానాలు, ఇనుప చట్రాల మీద గుడ్డ పందిళ్ళు రావడంతో ఆకు పందిళ్ళు తగ్గాయి. రాట మాత్రం మానలేదు. కల్యాణ మండపంలో వివాహం జరిగినా ఇంటి ముందు రాట పాతి, నాలుగు కొబ్బరాకులైనా కప్పడం కనిపిస్తుంది. కొత్త ఇళ్ళలో మేడపైన, వాకిట్లో ఇనుముతో, కాంక్రీటుతో పెర్గోలాలు వెలుస్తున్నాయి. కాంక్రీటు పలకలు చూపులకు అందమైనా పగలంతా వేడిని పట్టి రాత్రి విడుస్తాయి కాబట్టి వాటిపైన కూడా తీగ పాకించడమే మంచిది.

ఇవి కూడా చూడండి

మండువా లోగిలి
హరికథ
చలివేంద్రం
పాలవెల్లి
కోనసీమ