సేవయు, వెట్టియు

కూలి పుచ్చుకొనక చేయు పని రెండు విధములు. మనసొప్పి చేసినది సేవ; గడినుండి కబురు వచ్చినందున చేసినది వెట్టి. జనగామ, మానుకోట ప్రాంతములలో మొదటిది పెరిగి పెద్దదై రెండవదానిని ఎదిరించుటకు దాదాపు పాతికేండ్లు పట్టినది. ఆ కథను మనము క్లుప్తముగా తలచుకొందము.

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన ఒక సభలో తెలుగున ప్రసంగింప లేచిన ఆలంపల్లి వెంకట రామారావుగారిని కొందరు అవమానించిరి. ఆ బాధనుండి ఆంధ్ర జనసంఘము పుట్టినది. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమైరి. గ్రంథాలయములు, పఠనమందిరములు, పాఠశాలలు నెలకొల్పుట, తాళపత్ర గ్రంథములను సేకరించుట సంఘము చేపట్టిన పనులు. సభ జరుపవలెనన్న సర్కారు అనుమతి కావలసిన కాలమది. పదుగురు కూడి రాజకీయము మాటాడుట కష్టము. కూడి పుస్తకము చదువుట కొంత సులభము. అందుచేత గ్రంథాలయమే సంఘమునకు సభామందిరమైనది.

మరుసటి ఏడు, నేటి మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తిలో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ముద్రణాలయము నెలకొల్పి "తెనుగు" అను వారపత్రికను వెలువరించిరి. ఇనుగుర్తి నగరము కాదు, పట్టణమును కాదు, ఒక పల్లె. అచటినుండి వారము వారము తెలుగు అక్షరము బయలుదేరినది. అదే ఏట నల్లగొండనుండి "నీలగిరి" వచ్చినది. చదువు వచ్చినవారు కొద్దిమందియే యైన ఆనాడు ఒకరు చదువ పలువురు వినుటయే పత్రికకు బలము. ఒక్క రేడియో చుట్టు ఇంటిల్లిపాదియు చేరుట ఎరిగిన మనకు ఇది వింత కాదు.

వినినవారు క్రమముగా అడుగ నేర్చిరి. వెట్టిచాకిరిని గూర్చి కేంద్రసంఘము చిన్న పుస్తకములు ప్రచురించి పంచినది. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమ ఆంధ్రమహాసభ జరిగినది. 1944లో భువనగిరి సభ సభ్యత్వపు రుసుమును నాలుగణాలకు తగ్గించుటతో చదువురాని కూలివానికిని సంఘమున చోటు దొరకినది. ఆనాడు నల్లగొండ జిల్లాలోనుండిన జనగామ తాలూకాలో "సంగం" అను మాట ఇంటింటి మాటయైనది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ, విసునూరు దేశముఖు అపహరింపజూచిన తన పంటను సంఘము తోడ్పాటుతో నిలుపుకొనినది. 1946 జూలై 4న కడవెండిలో సంఘము ఊరేగింపుపై దేశముఖు మనుషులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య అసువులు బాసెను.

పఠనమందిరమున మొదలైన పని అంతవరకు సాగునని మొదట ఎవరును ఊహించి యుండరు. పుస్తకమిచ్చినవారు పోరాటము నేర్పలేదు. తన పేరు, తన హక్కు చదువుకొనిన మనిషి వంగి నిలువలేకపోయెను. నేడును మన పట్టణములలో సేవాసంఘములు వారము వారము కూడుచున్నవి. ఎన్ని దుప్పట్లు పంచితిమి, ఎందరికి వైద్యము చేయించితిమి అని లెక్క వ్రాసికొనుట మంచిదే. కాని సేవ పొందినవాడు మరునాడు అన్యాయమును కాదనగలిగెనా అన్నదే ఆ పల్లెలు మనకిచ్చిన కొలత.