మార్చి రాయండి: తెలుగునాట బడి చివరి పరీక్షకు ఇంగ్లీషు వ్యాకరణ సాధన

తెలుగునాట బడి చదువు ముగించే పరీక్షకు పేర్లు ఎన్నో మారాయి. తాతల కాలంలో అది మెట్రిక్యులేషన్, తర్వాత స్కూలు ఫైనల్, ఎస్ఎస్ఎల్‌సీ, ఇప్పుడు ఎస్ఎస్‌సీ. పరీక్ష పెట్టే సంస్థలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి, బోధన మాధ్యమమూ మారింది. ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో ఒక్క ఆదేశం మాత్రం తరతరాలుగా నిలిచింది: కింది వాక్యాన్ని మార్చి రాయండి. కర్తరిని కర్మణిగా, సూటి మాటను చెప్పిన మాటగా, రెండు వాక్యాలను ఒకటిగా మార్చే ఈ సాధన ఎక్కడ మొదలైంది, ఎలా స్థిరపడింది, తెలుగు పిల్లలు దాన్ని ఎలా తమది చేసుకున్నారు అన్నది నూట అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర.

పరీక్షకు ముందు

పరీక్షలు పుట్టకముందే ఇంగ్లీషు నేర్చిన తెలుగువాళ్లు ఉన్నారు. కంపెనీ కచేరీల్లో దుబాసీలుగా, గుమాస్తాలుగా, న్యాయస్థానాల్లో అనువాదకులుగా పనిచేసినవాళ్లు వాళ్లు. ఒంగోలు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి సుబ్బారావు మద్రాసు సదర్ అదాలతులో అనువాదకుడిగా పనిచేశారు. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీలో సభ్యుడయ్యారు. ఇంగ్లీషులో ఆయన రాసుకున్న ఆత్మకథ 1873లో అచ్చయింది. సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ రాసింది తెలుగులోనే అయినా, ఆయన బతుకుతెరువు ఇంగ్లీషు మీద నడిచింది. ఈ తరానికి భాష పనిలో పట్టుబడింది. వినడం, నకలు రాయడం, అనువదించడం వాళ్ల సాధన. వాళ్లకు పరీక్ష పెట్టేది దొర, మార్కులు వేసేది జీతం.

మెకాలే 1835లో సమర్పించిన నివేదిక ప్రభుత్వ నిధులను ఇంగ్లీషు చదువు వైపు మళ్లించింది. సర్కారు కొలువుల్లో ఇంగ్లీషు చదివినవాళ్లకే మొగ్గు చూపాలని 1844లో గవర్నర్ జనరల్ హార్డింజి తీర్మానించారు. చదువుకూ ఉద్యోగానికీ ముడి అప్పుడు పడింది. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి తెరిచారు. రాజమహేంద్రవరం, విజయనగరం వంటి పట్నాల్లోనూ ఉన్నత పాఠశాలలు వెలిశాయి. అప్పటికి లేనిదల్లా ఈ బడులన్నింటినీ ఒకే కొలతతో తూచే త్రాసు.

మెట్రిక్యులేషన్ ద్వారం

ఆ త్రాసు 1857లో వచ్చింది. 1854 నాటి ఉడ్స్ డెస్పాచ్ సిఫార్సు మేరకు కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. వాటి ప్రవేశపరీక్షే మెట్రిక్యులేషన్. కోస్తా, రాయలసీమ పిల్లలు మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షకు కూర్చున్నారు. కళాశాలలో చేరడానికి పెట్టిన ఆ పరీక్ష కొద్దికాలానికే గుమాస్తా కొలువుకు అర్హతగా మారింది. ఇంగ్లీషులో తప్పితే మిగతా సబ్జెక్టులు ఎంత బాగా రాసినా పరీక్ష పోయినట్టే. మిగతా జవాబులు రాయాల్సిందీ ఇంగ్లీషులోనే కాబట్టి ఆ భాష అటు సబ్జెక్టూ అయింది, ఇటు అన్ని సబ్జెక్టులకూ గుమ్మమూ అయింది.

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. అందులో పరీక్ష తప్పిన వెంకటేశం, అతనికి ఇంగ్లీషు చెప్పే నెపంతో ఇంట్లో చేరే గిరీశం, కొడుకు చదువుకు డబ్బు పోస్తున్న అగ్నిహోత్రావధాన్లు కనిపిస్తారు. ఇంగ్లీషు చదువు మీద అప్పటి ఇళ్లు పెట్టుకున్న ఆశనూ, ఆ ఆశ చుట్టూ పుట్టిన బతుకుతెరువులనూ తెలుగు సాహిత్యం అంత తొందరగా పట్టుకుంది.

ఆ రోజుల్లో వ్యాకరణ సాధన అంటే పార్సింగ్. వాక్యంలోని ప్రతి మాటనూ విడదీసి అది ఏ భాషాభాగమో, దాని లింగం, వచనం, విభక్తి ఏమిటో వరసగా చెప్పాలి. లాటిన్ బోధన నుంచి ఇంగ్లండు బడుల్లోకి, అక్కడి నుంచి మద్రాసు రాజధానికి వచ్చిన పద్ధతి అది. తెలుగు పిల్లలకు ఇది మరీ కొత్తగా తోచి ఉండదు. పదాన్ని విడదీసి విభక్తి చెప్పడం, అమరం వల్లెవేయడం వీధిబడి నుంచి తెలిసిన పనే.

నెస్‌ఫీల్డ్ నుంచి రెన్ అండ్ మార్టిన్ దాకా

సాధనకు ఒక రూపం ఇచ్చింది పుస్తకాలు. ఉత్తర భారతంలో విద్యాశాఖ అధికారిగా పనిచేసిన జె.సి. నెస్‌ఫీల్డ్ 19వ శతాబ్ది చివరి దశకంలో రాసిన వ్యాకరణాలను మాక్‌మిలన్ సంస్థ ప్రచురించింది. నియమం, ఉదాహరణ, ఆ వెంటనే అంకెలు వేసిన వాక్యాలతో అభ్యాసం అన్న వరస ఈ పుస్తకాలతో దేశమంతటా అలవాటైంది. వాక్య విశ్లేషణ, వాక్య పరివర్తన అధ్యాయాలు అలా బల్ల మీదికి వచ్చాయి.

ఆ దారిలోనే 1930ల మధ్యలో ‘హైస్కూల్ ఇంగ్లీష్ గ్రామర్ అండ్ కాంపొజిషన్’ వచ్చింది. దాన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ, ‘రెన్ అండ్ మార్టిన్’ అంటేనే అందరికీ తెలుసు. పి.సి. రెన్ బొంబాయి రాజధానిలో విద్యాశాఖలో పనిచేశారు. ‘బో జెస్ట్’ అనే సాహస నవలతో ఆయనకు వేరే పేరూ ఉంది. తర్వాతి కూర్పులను ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించారు. ఆ పుస్తకం కొనలేని ఇళ్లలో అన్న చదివింది తమ్ముడికి, పక్కింటివాళ్లది అరువుకు తిరిగేది.

స్కూలు ఫైనల్, నోటి భాష

పరీక్ష ఒక్కటే పిల్లవాడి యోగ్యతను తేల్చకూడదన్న ఆలోచనతో మద్రాసు ప్రభుత్వం 20వ శతాబ్ది తొలి ఏళ్లలో మెట్రిక్యులేషన్ స్థానంలో ఎస్ఎస్ఎల్‌సీ పథకం తెచ్చింది. పరీక్ష మార్కులతో పాటు బడిలో వచ్చిన మార్కులూ ఆ సర్టిఫికెట్ పుస్తకంలో ఎక్కేవి. కళాశాలలో చేరడానికి తగినన్ని మార్కులు వచ్చినవాళ్లు ‘ఎలిజిబుల్’. ‘ఎస్ఎస్ఎల్‌సీ ఎలిజిబుల్టీ వచ్చిందా?’ అన్న పలకరింపు దశాబ్దాల పాటు తెలుగిళ్లలో వినిపించింది.

అదే కాలంలో అనువాదం లేకుండా, మాట్లాడిస్తూ భాష నేర్పాలనే డైరెక్ట్ మెథడ్ బోధకుల్లో ప్రచారమైంది. ఉత్తరాంధ్ర జిల్లాల్లో పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న జె.ఎ. యేట్స్ నోటి భాషకు ప్రాధాన్యమిచ్చినవారు. జనం మాట్లాడే తెలుగుకూ బడి పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని ఆయన అడిగిన ప్రశ్న గిడుగు రామమూర్తి, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ల కృషికి ఊతమైంది. స్కూలు ఫైనల్ తెలుగు వ్యాసాన్ని వ్యావహారికంలో రాయవచ్చా అన్న వివాదం పెద్ద ఉద్యమంగా పెరిగింది. తెలుగు రాతను మార్చిన ఉద్యమానికి బడి చివరి పరీక్ష కూడా ఒక రంగస్థలమైంది.

నిజాం రాజ్యంలో దారి వేరు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది, ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. నిజాం కళాశాల మాత్రం 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికే అనుబంధంగా నడిచింది. ఉర్దూ మాధ్యమంలో చదివిన తెలంగాణ పిల్లవాడు ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ దాటుకుని ఇంగ్లీషు వ్యాకరణానికి చేరేవాడు.

తెలుగు ఎక్కడ అడ్డుపడుతుంది

ఏ తరంలో చూసినా తెలుగు విద్యార్థి తప్పులు కొన్ని చోట్లే గుమిగూడతాయి. అవి రెండు భాషల నిర్మాణం విడిపోయే చోట్లు.

మొదటిది వాయిస్. ‘అతను ఉత్తరం రాశాడు’ అన్న మాటలో ఉత్తరానికి ప్రాధాన్యం కావాలంటే తెలుగువాడు మాటల వరస మారిస్తే చాలు: ‘ఉత్తరం అతను రాశాడు.’ ఇంగ్లీషులో వరస మారిస్తే అర్థమే తలకిందులవుతుంది. అందుకే మాస్టార్లు ఒక సూత్రం కట్టారు. ఆబ్జెక్టును ముందుకు తేవాలి, సబ్జెక్టును వెనక్కి పంపి దాని ముందు ‘బై’ పెట్టాలి, కాలానికి తగిన ‘బీ’ రూపం పక్కన వీ-త్రీ, అంటే క్రియ మూడో రూపం, రాయాలి. ‘గో, వెంట్, గాన్, రైట్, రోట్, రిటెన్’ అంటూ క్రియారూపాలను పాటలా చదివించింది ఈ వీ-త్రీ కోసమే. అర్థం చెప్పడానికి ‘అతని చేత ఉత్తరం రాయబడింది’ అనేవారు. నోటి తెలుగులో అరుదుగా వినిపించే ‘బడు’ తరగతి గదిలో రోజూ వినిపించి, పత్రికల భాషలోకి, కార్యాలయాల ఉత్తర్వుల్లోకి దారి చేసుకుంది.

రెండోది చెప్పిన మాటను తిరిగి చెప్పడం. ‘నేను రేపు వస్తాను’ అని రాముడు అన్నాడు. దీన్ని తెలుగులో ‘తాను రేపు వస్తానని రాముడు అన్నాడు’ అంటాం. ‘నేను’ ‘తాను’ అయిందే తప్ప ‘వస్తాను’ చెక్కుచెదరలేదు. ‘అని’ అన్న చిన్న మాట బరువంతా మోస్తుంది. ఇంగ్లీషులో ‘ఐ’ ‘హి’ అవుతుంది, ‘విల్’ ‘వుడ్’ అవుతుంది, ‘టుమారో’ ‘ది నెక్స్ట్ డే’ అవుతుంది. ఒక్క వాక్యంలో మూడు మార్పులు గుర్తుంచుకోవాలి. మూడూ సరిగా ఉంటేనే మార్కు.

మూడోది క్వశ్చన్ ట్యాగ్. తెలుగుకు ‘కదా’ ఒక్కటే. నువ్వు వచ్చావు కదా, ఆమె పాడదు కదా, వాళ్లు వెళ్లారు కదా. ఇంగ్లీషులో ఆ ‘కదా’ను ప్రతిసారీ కొత్తగా కట్టుకోవాలి. ‘షీ సింగ్స్ వెల్’ పక్కన ‘డజంట్ షీ’, ‘దే ఆర్ నాట్ హియర్’ పక్కన ‘ఆర్ దే’. వాక్యం ఔనంటే ట్యాగు కాదనాలి, వాక్యం కాదంటే ట్యాగు ఔననాలి.

ఆర్టికల్స్ తెలుగులో లేవు. ‘యాన్ అంబ్రెల్లా’ అని, ‘ఎ యూనివర్సిటీ’ అని ఎందుకు అనాలో చెప్పాలంటే అక్షరాన్ని వదిలి శబ్దాన్ని వినమనాలి. పలికినట్టే రాసే లిపిలో పెరిగిన పిల్లలకు ఇది కష్టమైన పాఠం. ప్రిపొజిషన్లదీ అదే తీరు. తెలుగులో విభక్తి మాట చివర అతుక్కుంటుంది, ఇంగ్లీషులో మాట ముందు విడిగా నిలబడుతుంది. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అన్న మూడు మాటలను ఇంగ్లీషులో చెప్పాలంటే ‘హూ’తో ఒక ఉపవాక్యమే కట్టాలి.

ఈ చిక్కులు పిల్లల మందబుద్ధికి గుర్తులు కావు. సొంత భాష నియమాలను పూర్తిగా వశం చేసుకున్న పిల్లలే ఈ చోట్ల తడబడతారు. ఆ సంగతి గ్రహించి రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూపిన ఉపాధ్యాయుల దగ్గర చదువు నిలిచింది. సూత్రం వల్లించి బెత్తం పట్టిన చోట భయం నిలిచింది.

మాటల మూట

పదసంపద సాధనకు నిఘంటువు ఆధారం. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. విద్యార్థుల చేతుల్లో ఎక్కువ కాలం నలిగింది శంకరనారాయణ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు. ఉపాధ్యాయుడు రోజుకు కొన్ని మాటలు నల్లబల్ల మీద రాయడం, పిల్లలు వాటి స్పెల్లింగు, అర్థం నోట్సులో ఎక్కించుకుని మర్నాడు అప్పజెప్పడం, వారాంతంలో డిక్టేషన్ రాయడం బడి దినచర్యగా సాగింది. ‘సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి’ అన్న వరసలో అక్షరాలు, ఉచ్చారణ, తెలుగు అర్థం ఒకే ఊపిరిలో వస్తాయి. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, జాతీయాలు పరీక్షలో విడి విడి ప్రశ్నలయ్యేసరికి సాధన కూడా పట్టికల రూపంలోకి మారింది.

ఏ మాటలు ముందు నేర్పాలి అన్న ప్రశ్నకు శాస్త్రీయంగా జవాబు వెతికినవారిలో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ ముఖ్యుడు. ఆయన 1953లో ప్రచురించిన జనరల్ సర్వీస్ లిస్ట్‌లో సుమారు 2,000 ప్రధాన పదాలున్నాయి. 1950లలో మద్రాసు రాష్ట్రంలో, తర్వాత దేశమంతటా వ్యాపించిన స్ట్రక్చరల్ సిలబస్ కూడా ఇదే దారిన సులభమైన వాక్య నమూనాల నుంచి కఠినమైన వాటికి మెట్లు కట్టింది. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ నెలకొంది. నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం దాని వారసురాలే. అక్కడ శిక్షణ పొందినవారి ద్వారా నమూనా పట్టికలు, కోరస్ డ్రిల్లులు జిల్లా బడులకు చేరాయి.

పదో తరగతి

ఆంధ్రప్రదేశ్‌లో బోధన తెలుగులోకి మారి, త్రిభాషా సూత్రం అమలయ్యాక ఇంగ్లీషు తృతీయ భాష అయింది. తెలుగు మీడియం బడుల్లో చాలాకాలం ఏబీసీడీలు ఐదారు తరగతుల్లో మొదలయ్యేవి. ఆ ఐదారేళ్ల చదువుతోనే పదో తరగతిలో 35 మార్కులు తెచ్చుకోవాలి. లెక్కలతో పాటు ఇంగ్లీషు కూడా ఊరి పిల్లలను ఎక్కువగా ఆపిన గేటు.

ఇంగ్లీషుకు రెండు పేపర్లున్న రోజుల్లో వ్యాకరణం, పదజాలం మార్కులు పోగేసుకునే చోటు. వ్యాసం, ఉత్తరం సొంతంగా రాయలేని పిల్లవాడు కూడా బిట్ పేపరులో ఖాళీలు నింపి, సరైన జవాబు అక్షరం రాసి గట్టెక్కగలిగేవాడు. అందుకే గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు, పాత ప్రశ్నపత్రాల కట్టలు పుట్టాయి. దినపత్రికలు విద్యా పేజీల్లో మోడల్ పేపర్లు అచ్చువేశాయి. ట్యూషన్ దాకా పోలేని పిల్లలు ఆ పేజీలను కత్తిరించి దాచుకుని చదివారు.

వాక్యాన్ని మార్చే ప్రశ్న ఇన్ని సంస్కరణలను తట్టుకుని నిలవడానికి కారణం ఇక్కడే ఉంది. వ్యాసానికి ఒక్కో పరీక్షకుడు ఒక్కో మార్కు వేస్తాడు. ‘ఎ లెటర్ ఈజ్ రిటెన్ బై హిమ్’ అన్న జవాబుకు శ్రీకాకుళంలో దిద్దినా ఆదిలాబాదులో దిద్దినా అదే మార్కు. లక్షల జవాబుపత్రాలను న్యాయంగా తూచడానికి ఆ ప్రశ్న పనికొచ్చింది. విద్యార్థికీ అది నమ్మకమైన ప్రశ్నే, సాధన చేస్తే ఫలితం ఖాయం. భాష రావడానికి మాత్రం అది చాలలేదు. డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ మూడింటినీ మార్చగలిగిన పిల్లలు ఇంటర్లో చేరాక ఒక్క వాక్యం మాట్లాడలేక మౌనంగా కూర్చున్నారు.

ఆ లోటు పూడ్చడానికి 2014లో ఉమ్మడి రాష్ట్రం పదో తరగతికి కొత్త పాఠ్యపుస్తకాలు తెచ్చింది. వ్యాకరణాన్ని విడి సూత్రాలుగా కాక పాఠంలోని సందర్భం నుంచి నేర్పాలన్నది వాటి ఉద్దేశం. పేరాలో గీత గీసిన తప్పులను సరిదిద్దడం, సంభాషణను వివరణగా రాయడం వంటి ప్రశ్నలు ముందుకు వచ్చాయి. ఇటీవల రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంగ్లీషును ఒకే పేపరుకు కుదించాయి. ఖాళీ గీత స్థానంలో పేరా వచ్చినా, వాయిస్, టెన్స్, ఆర్టికల్ ఆ పేరాలోనే ఉన్నాయి.

ఈ సాధన తెలుగులోనూ ముద్ర వేసింది. నేటి పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రంలో సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యాలు, కర్తరిని కర్మణిగా మార్చడం, ప్రత్యక్ష కథనాన్ని పరోక్షంలో రాయడం కనిపిస్తాయి. 1858 నాటి చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ సంధి, సమాసాల దారిన నడిచిన గ్రంథం. వాక్యాన్ని ముక్కలుగా చూసే ఈ అలవాటు ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం నుంచి తెలుగు తరగతికి నడిచివచ్చింది. ఇంగ్లీషు పీరియడులో ‘మార్చి రాయండి’ అన్న ప్రశ్న చూసిన విద్యార్థి, తెలుగు పీరియడులోనూ అదే ప్రశ్నకు జవాబు రాస్తున్నాడు.