‘అను’ తర్వాతి పేరు

తొలినాళ్ల తెలుగు నవలలకు రెండేసి పేర్లు పెట్టడం ఒక వాడుక. రెంటినీ కలపడానికి మధ్యలో ‘అను’ అనో ‘లేక’ అనో ఓ చిన్నమాట. నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1872 నాటి ‘శ్రీరంగరాజ చరిత్ర’కు ‘సోనాబాయి పరిణయం’ అనే పేరూ ఉంది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ అసలు ‘వివేకచంద్రిక’ కూడా. ఈ రెండో పేరు ఇప్పుడు సాహిత్య విద్యార్థులకు తప్ప పెద్దగా ఎవరికీ గుర్తులేదు.

కానీ కందుకూరి మనసు ఉన్నది ఆ రెండో పేరులోనే. 1874లో ఆయన పెట్టిన పత్రిక ‘వివేకవర్ధని’. నవల 1878లో అందులోనే ధారావాహికగా మొదలై 1880లో పుస్తకమైంది. పత్రిక ఏ మూఢనమ్మకాల మీద విరుచుకుపడేదో నవల కూడా వాటినే కథలో పెట్టి నవ్వులపాలు చేసింది. ధవళేశ్వరంలో దర్జాగా బతికే రాజశేఖరుడు పొగిడేవాళ్లకు దోచిపెట్టి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి, ఉన్నదంతా ఊడ్చుకుపోయాక కుటుంబంతో కాశీకి బయలుదేరతాడు. దారిలో పడరాని పాట్లు పడతాడు.

మరి గట్టెక్కింది ఎలా? మారువేషంలో తిరిగే పెద్దాపురం రాజుగారి దయవల్ల! వివేకం నేర్పుతానన్న నవలలో కష్టాలు తీర్చింది మాత్రం వివేకం కాదు. 1887లో లండన్‌లో వెలువడిన హచిన్సన్ ఇంగ్లీషు అనువాదం పేరు చూస్తే ఈ చిక్కు ఆయనకు తట్టిందేమో అనిపిస్తుంది. ఆయన పెట్టిన పేరు ‘ఫార్చ్యూన్స్ వీల్’, అంటే అదృష్టచక్రం. కథ నడకకు అతికినట్టు సరిపోతుంది. గ్రహచారం అంటూ చేతులు ముడుచుకునేవాళ్ల మీద కలం ఎత్తిన కందుకూరికి ఇంతకంటే ఎదురు పేరు మరొకటి ఉండదు.

ఈ వైరుధ్యానికి మూలం గోల్డ్‌స్మిత్ దగ్గర దొరుకుతుంది. 1766లో అచ్చయిన ఆయన ఇంగ్లీషు నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ కందుకూరి నవలకు ప్రేరణ. చితికిపోయిన కుటుంబాన్ని మారువేషంలోని దొర ఆదుకోవడం అందులోదే. చట్రం అక్కడిది, బైరాగి మాత్రం మనవాడు. అదృష్టం చట్రంతో పాటు వచ్చింది. గోదావరి ఒడ్డు సంసారాల గుట్టు విప్పిన పేజీలన్నీ ‘వివేకచంద్రిక’వే.

ఉన్నవ లక్ష్మీనారాయణ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. రాయవేలూరు జైల్లో ఆయన రాసి, 1922లో అచ్చుకు వచ్చిన నవల ‘మాలపల్లి’. దాని రెండో పేరు ‘సంగవిజయము’. భూస్వామి చౌదరయ్య చేతిలో ప్రాణం పోగొట్టుకున్న సంగదాసు గెలుపు అది. కూలీల సంఘం గెలుపు కూడా అందులో ధ్వనిస్తుంది. మంచి శ్లేషే. అయినా అది ఆశయం పేరు. ‘మాలపల్లి’ చోటు పేరు. ఊరివాళ్లు దూరంగా ఉంచిన వాడ పేరు నవల అట్ట మీదికి ఎక్కడమే ఆ రోజుల్లో పెద్ద మాట. మద్రాసు ప్రభుత్వం నిషేధించినా పాఠకుల నోట్లో నిలిచింది ఆ పేరే, అదే సరైనది కూడా.

రాజశేఖరుడి విషయంలో మాత్రం పాఠకులు తొందరపడ్డారు. ఈసారి ఆ నవలను అచ్చు వేసేవాళ్లు ‘వివేకచంద్రిక’ను లోపలి పేజీలో దాచకుండా, మధ్యలో ఆ ‘అను’తో సహా అట్ట మీదే వేస్తే బాగుంటుంది.